పోస్టుమాను చెప్పబోయిన మాట

అందరూ ఆయన్ని పోస్టుమాను అంటారుగానీ, పాపం ఆయన జన్మలో ఒక్క ఉత్తరం కూడా ఒకరి గుమ్మంలో వేసి ఎరగడు. నలభై రెండేళ్ళ కిందట ఒక రేడియో ధారావాహికలో పోస్టుమానుకి గొంతు ఇచ్చాడు, అంతే. ధారావాహిక పోయింది, వినేవాళ్ళు పోయారు, గొంతు కూడా సగం పోయింది. పేరు మాత్రం ఒంటిని అంటిపెట్టుకుని ఉండిపోయింది. ముప్పయ్యేళ్ళు పనిచేసిన బైండింగు షాపులో అదే పేరు, వీధిలోనూ అదే పేరు. భార్య మామూలుగా "ఏమండీ" అంటుంది. కోపం వస్తే "ఏమండోయ్ పోస్టుమానుగారూ" అంటుంది. వారానికి నాలుగైదుసార్లయినా ఆ పిలుపు వినబడుతుంది.

సభకు బయల్దేరే రోజు పొద్దున కూడా వినబడింది.

"ఏమండోయ్ పోస్టుమానుగారూ, కళ్ళజోడు పెట్టుకున్నారా? మందుల డబ్బా? ఇంటి తాళం? తల మెడ మీదే ఉందా, ఓసారి తడిమి చూసుకోండి."

"అన్నీ ఉన్నాయి."

"ఉన్నాయంటే సరిపోదు. చూపించండి."

ఒక్కొక్కటీ తీసి చూపించాడు. ఆవిడ లోపలికి వెళ్ళి ఆయన కట్టేసిన కుళాయిని మళ్ళీ బిగించి, ఆయన వేసిన కిటికీ గడియని తీసి మళ్ళీ వేసి వచ్చింది. పెళ్ళయిన మూడో ఏడు నుంచీ ఆవిడకిదే పని. నిజానికి ఆయన ఏదీ మరిచిపోయే మనిషి కాదు. ఆ సంగతి ఆ ఇంట్లో ఆయనొక్కడికే తెలుసు.

"నేనెందుకండీ అక్కడికి? మీ ఘనకార్యం పదిమందిలో మళ్ళీ వినడానికా?" అంది చెప్పులు వేసుకుంటూ.

"ఈసారి వేరే మాట వింటావు. రా."

"ఏం మాట?"

"నేను చెప్పకూడదు. వింటావుగా."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. డెబ్భై రెండేళ్ళ మొహం, ఇవాళ నున్నగా గీసుకున్నాడు. రెండుచోట్ల తెగింది కూడా. ఆవిడ సంచీ తీసుకుంది.

ఆ చెప్పకూడని మాట ఏమిటో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ధారావాహిక పేరు 'మలుపులో ఇల్లు'. రెండేళ్ళపాటు ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి వచ్చేది. ముందే రికార్డు చేసిపెట్టుకోవడం లేదు. స్టూడియోలో మాట్లాడుతూ ఉంటే అదే క్షణంలో ఇళ్ళలో వినబడేది. ఆ ఇంటి పెద్దకొడుకుగా మాట్లాడినాయన్ని అందరూ పెద్దన్నయ్య అనే పిలిచేవారు. తమ్ముడు ఓడలో పనికి వెళ్ళాడు. వాడి ఉత్తరాలు పోస్టుమాను తెచ్చి ఇస్తే పెద్దన్నయ్య పైకి చదివి ఇంట్లోవాళ్ళకి వినిపిస్తాడు. కథలో గుట్టు ఏమిటంటే, తమ్ముడు ఎప్పుడో పోయాడు. ఆ ఇల్లు తట్టుకోలేదని పోస్టుమానే కూర్చుని ఆ ఉత్తరాలన్నీ రాస్తున్నాడు. ఆఖరి వారం, స్క్రిప్టులో పద్నాలుగో పేజీలో, పోస్టుమాను ఆ సంగతి ఒప్పుకోవాలి. రెండేళ్ళుగా "ఉత్తరమండీ", "వస్తానండీ" తప్ప మరో మాటకి నోచుకోని మనిషికి ఒక పేజీ నిండా మాటలు.

స్టూడియోలో కాగితాలకి పిన్ను కొట్టరు. తిప్పిన చప్పుడు మైకులో పడుతుంది. విడి కాగితాలు చేత్తో పట్టుకుని, చదివేసినదాన్ని మెల్లగా కిందికి, కార్పెట్ మీదికి జారవిడుస్తారు. దీనికి తోడు ఇంకో కట్టుబాటు ఉంది. కాగితంలో లేని మాట మైకులో పడకూడదు. తుమ్ము వచ్చినా మింగాల్సిందే.

ఆ ఆదివారం పెద్దన్నయ్య అరచేతుల చెమటకి రెండు కాగితాలు అతుక్కుపోయాయి. "ఒక మాట చెప్పాలి బాబూ" అన్నాడు పోస్టుమాను. దాంతో పదమూడో పేజీ అయింది. పద్నాలుగు మొదలుపెట్టడానికి ఊపిరి పీల్చాడు. ఈలోగా పెద్దన్నయ్య రెండు కాగితాలూ కలిపి జారవిడిచేసి, పదిహేనో పేజీ పైన ఉన్న జవాబు చదివేశాడు.

"వద్దు. చెప్పకు. నాకు అర్థమైంది."

జవాబు వచ్చేశాక ఇంక చెప్పడమేమిటి? చెప్పకపోతే కథ ఏం కావాలి? సొంతంగా ఒక మాట కలుపుదామంటే కాగితంలో లేదు. పోస్టుమాను నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. అద్దం అవతల ప్రోగ్రాం ఆఫీసరు రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకున్నాడు. పదకొండు సెకన్లు ఊళ్ళన్నిటి రేడియోల్లోనూ చప్పుడు లేదు. తరువాత పెద్దన్నయ్య ఆ కింద ఉన్న మాట చదివాడు. "వెళ్ళు." సంగీతం వచ్చింది. ధారావాహిక అయిపోయింది.

ప్రసారం ముగిసి స్టూడియో ఎర్రదీపం ఆరిన అయిదు నిమిషాలకి, మెట్ల కింద, పెద్దన్నయ్య ఆయన చేతులు పట్టుకుని బావురుమన్నాడు. "వచ్చేవారం సినిమావాళ్ళు రమ్మన్నారు రా. ఆఖరిరోజు ఆట చెడగొట్టానని తెలిస్తే గుమ్మం ఎక్కనివ్వరు. పేజీ తప్పింది నీకేనని చెప్పు. చిన్న వేషంవాడివి, నిన్నెవరేమంటారు? టైమొచ్చినప్పుడు పదిమందిలో నేనే నిజం చెబుతాను. అందాకా నీ నోట రాకూడదు. దేవుడి మీద ఒట్టు వెయ్యి."

"ఇంట్లో కూడానా అన్నయ్యా?"

"ఇంట్లో ముందు. ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానుతుందిట్రా?"

వేశాడు. ముప్పయ్యేళ్ళవాడు, ఎదటివాడి కన్నీళ్ళు చూసి తట్టుకోలేకపోయాడు. ప్రోగ్రాం ఆఫీసరు దగ్గరికి వెళ్ళి, "పద్నాలుగో పేజీ తియ్యడం మర్చిపోయాను సార్" అన్నాడు. మర్నాడే ఆర్టిస్టుల జాబితాలో ఆయన పేరు కొట్టేశారు. ఆ నెలాఖరుకి రావలసిన అనౌన్సరు ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళిపోయింది. ఉద్యోగంతోపాటు ఇచ్చే రెండు గదుల ఇంటిని ఆయన భార్య అప్పటికే వెళ్ళి చూసుకుని వచ్చింది. లోపలే కుళాయి ఉందని చుట్టుపక్కలందరికీ చెప్పుకుంది.

అదంతా పోయాక ఆయన బైండింగు షాపులో చేరాడు. అక్కడ కుట్టబోయే పుస్తకం ఫారాలు వరసలో ఉన్నాయా, ఏ పేజీ అయినా తప్పిందా అని చూడడం ఆయన పని. "పేజీ తిప్పడం మర్చిపోయినాయనకి పేజీలు లెక్కపెట్టే పని! దేవుడికి కూడా వేళాకోళమే" అనేది భార్య.

ఒట్టు వేసినందుకు ఆయన ఎవర్నీ తిట్టలేదు. కానీ పొద్దున్నే దణ్ణం పెట్టుకునేటప్పుడు ఒక ప్రశ్న అడిగేవాడు: అబద్ధానికి కాపలా కాసే ఒట్టు కూడా నీదేనా స్వామీ? దేవుడు చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి అవుననే అనుకుని ఉండిపోయాడు. మనిషి అడగడం మానలేదు, ఒట్టూ తప్పలేదు. రెండూ ఒక్క మనిషిలోనే ఎలా ఇమిడాయో అంటే, చాలామందిలో ఇముడుతూనే ఉంటాయి.

ఇప్పుడు 'పాత గొంతుల సభ' వాళ్ళు పిలిచారు. ఆహ్వానపత్రంలో ఇద్దరి పేర్లూ ఒకే వరసలో వేశారు. ఒకే వేదిక. పెద్దన్నయ్యకి ఎనభై దగ్గరపడుతోంది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు చెబుతాడు? చెప్పేటప్పుడు భార్య ముందువరసలో కూర్చుని వినాలి. ఆయనకి కావలసింది అంతే.

సభ ఒక పెద్ద ఎగ్జిబిషన్ హాల్లో. గుమ్మంలోనే ఒకాయన వెనకటి టీవీలో వార్తలు చదివేవాళ్ళలాగా జుట్టు దువ్వుకుని, చెక్క చట్రంలో మొహం పెట్టి వచ్చినవాళ్ళకి స్వాగతం చెబుతున్నాడు. లోపల బల్లల మీద వాల్వు రేడియోలు, గుండ్రటి మీటలున్న టీవీ పెట్టెలు, సినిమా రీళ్ళ డబ్బాలు, అరిగిపోయిన క్యాసెట్లు. ఒక మూల పాత ప్రకటనల పాటలు పాడే పోటీ. ఇంకో మూల రేడియో స్టేషన్లు మారేటప్పుడు వచ్చే గురగురని నోటితో చేసి చూపించేవాళ్ళు. అరవై దాటినవాళ్ళే అనుకుంటే పొరపాటు, పాతికేళ్ళ పిల్లలు కూడా ఉన్నారు. వాళ్ళు పుట్టకముందు పోయినవాటి కోసం వాళ్ళు బెంగపడుతున్నారు.

మెడలో వేసుకోమని కార్డులు ఇచ్చారు. ఆయన కార్డు మీద 'అతిథి' అని ఉంది. ఆవిడ కార్డు మీద 'అతిథి వెంట వచ్చినవారు' అని ఉంది.

"సరిగ్గానే రాశారు. పెళ్ళినాటినుంచీ నా ఉద్యోగం ఇదే" అంది ఆవిడ.

ఎక్కడ చూసినా పదకొండు అంకె. చొక్కాల మీద, గోడల మీద, కాఫీ కప్పుల మీద. ఇద్దరు ఎదురుపడితే చేతులెత్తి పది వేళ్ళూ చూపించి, ఆ తరువాత ఒక వేలు చూపించుకుంటున్నారు. వాళ్ళ నమస్కారం అదీ.

"పదకొండేమిటండీ?"

"నేను నోరు మూసుకున్న సెకన్లు."

"దానికి చొక్కాలా! ఇంట్లో మీరు రోజుల తరబడి మూసుకుంటారు, మనం బట్టల కొట్టే పెట్టుకోవచ్చు."

సభ నడిపేది ఒక పళ్ళ డాక్టరు. నలభై తొమ్మిదేళ్ళవాడు. ఆఖరి భాగాన్ని ఇంట్లో టేపు మీద పట్టి దాచింది వాళ్ళ నాన్నే. ఆ టేపు వల్లే ఆ నిశ్శబ్దం బతికింది. డాక్టరు పరుగెత్తుకుంటూ వచ్చి పోస్టుమాను కాళ్ళకి దణ్ణం పెట్టబోయాడు.

"లేవయ్యా, లేవయ్యా. నేనేం చేశాను?"

"ఏమీ చెయ్యలేదు సార్. అదే గొప్ప!" అన్నాడు డాక్టరు కళ్ళు చెమర్చి. నిజంగానే అన్నాడు.

ప్రదర్శనలో పెట్టడానికి పోస్టుమాను తన స్క్రిప్టు వారం ముందే పంపించాడు. ప్రపంచంలో మిగిలిన ప్రతి అదొక్కటే. అది ఒక గాజుపెట్టెలో, మొదటి పేజీ పైకి పెట్టి ఉంది. మధ్యలో రెండు కాగితాలకి చుట్టూ తెల్లటి పట్టీ అంటించి ఉంది.

"ఈ పట్టీ ఏమిటి?"

డాక్టరు పక్కకి తీసుకెళ్ళాడు. "సార్, పద్నాలుగూ పదిహేనూ చదివాను. క్షమించండి, చూడకుండా ఉండలేకపోయాను. రెండు రాత్రులు నిద్రపట్టలేదు. మా నాన్న పోయేదాకా ఒకటే మాట, పోస్టుమాను ఏం చెప్పబోయాడురా అని. ఆయనొక సమాధానం, మా అమ్మొక సమాధానం. ఇవాళ పొద్దున ఇక్కడ దాని మీదే గంటన్నర చర్చ జరిగింది. పద్దెనిమిది సమాధానాలు వచ్చాయి."

"ఇందులో ఉన్నది వచ్చిందా?"

"ఒకావిడ దగ్గరదాకా వచ్చింది. కాదని అందరూ కేకలేశారు." డాక్టరు గొంతు తగ్గించాడు. "చెప్పకండి సార్. తెలిసిపోతే ఇంక మేమంతా ఎందుకు కలవాలి?"

"నేను దాని కోసం రాలేదు నాయనా. నాకు కావలసింది వేరే" అన్నాడు పోస్టుమాను. ఏమిటని డాక్టరు అడగలేదు. సినిమా రీళ్ళాయన పిలిస్తే వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం మూడింటికి పెద్దన్నయ్య వచ్చాడు. చేతికర్ర, నల్లకళ్ళజోడు, ఇద్దరు పట్టుకుని నడిపిస్తున్నారు. సినిమాల్లో ముప్పయ్యేళ్ళు తండ్రి వేషాలు వేసిన మనిషి. హాలంతా లేచి నిలబడింది. ఆయన మాత్రం చూపు తిప్పి తిప్పి పోస్టుమానుని పట్టుకున్నాడు.

"ఒరేయ్! బతికే ఉన్నావుట్రా?"

"నీ దయ అన్నయ్యా."

గట్టిగా కౌగలించుకున్నాడు. అదే గొంతు, ఇంత ముసలితనంలోనూ గుమ్మడికాయలా నిండుగా. పోస్టుమాను కళ్ళు తిప్పి చూశాడు. భార్య ముందువరసలో మూడో కుర్చీలో కూర్చుంది, సంచీ ఒళ్ళో పెట్టుకుని. బాగా వినబడుతుంది అక్కడికి.

దీపాలు తగ్గించి డాక్టరు టేపు వేశాడు. "ఒక మాట చెప్పాలి బాబూ." "వద్దు. చెప్పకు. నాకు అర్థమైంది." హాలంతా చేతులు లేచాయి. సెకనుకొక వేలు తెరుచుకుంటూ లెక్కపెడుతున్నారు, పెదవి కదపకుండా. పదీ అయి, మళ్ళీ ఒక వేలు లేచేసరికి "వెళ్ళు" అని వినబడింది. చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది.

మొదటి ప్రశ్న పదకొండు అంకె చొక్కా వేసుకున్న ఒక అమ్మాయి అడిగింది. "పెద్దన్నయ్యగారూ, ఆ నిశ్శబ్దం రచయిత రాసిందా, మీరు తెచ్చిందా?"

పోస్టుమాను భార్య వైపు చూశాడు. అడగవలసిన ప్రశ్న అదే. తాను ఎవరికైనా చెప్పి అడిగించినా ఇంత సూటిగా అడిగి ఉండరు.

పెద్దన్నయ్య మైకు దగ్గరికి జరిగాడు. కాసేపు ఊరుకున్నాడు. మాటకి ముందు ఊరుకోవడం ఆయనకి తెలిసిన విద్య.

"ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇవాళ చెప్పేస్తాను. వీడూ పక్కనే ఉన్నాడు కాబట్టి."

పోస్టుమాను కళ్ళు మూసుకున్నాడు. స్వామీ, అనుకున్నాడు.

"ఆ రోజు వీడు పేజీ తియ్యడం మర్చిపోయాడు!" హాలు గొల్లుమంది. "అవునండీ. ఒక మాట చెప్పాలి బాబూ అన్నాడు, అని బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. లక్షలమంది వింటున్నారు. నేనేం చెయ్యాలి? వాణ్ణి కాపాడాలి, కథని కాపాడాలి. ఆ క్షణంలో దేవుడే పలికించినట్టు నోట్లోంచి వచ్చేసింది. వద్దు, చెప్పకు, నాకు అర్థమైంది! స్క్రిప్టులో ఆ మాట లేదు. అప్పటికప్పుడు పుట్టింది." పోస్టుమాను భుజం మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కున్నాడు. "ఒరేయ్, నీ మతిమరుపే నన్ను ఇంతవాణ్ణి చేసిందిరా!"

చప్పట్లు. ఈలలు. వేదిక అంచున డాక్టరు నిలబడి ఉన్నాడు. పదిహేనో పేజీ చదివినవాడు. పోస్టుమాను అతని వైపు చూశాడు. డాక్టరు ఒక్క క్షణం ఆ చూపుని తట్టుకుని, తరువాత తన బూట్ల వైపు చూసుకున్నాడు. తరువాత అందరితోపాటు చప్పట్లు కొట్టాడు.

ముందువరసలో భార్య చప్పట్లు కొట్టలేదు. సంచీ తాళ్ళు సర్దుకుంటూ తల వంచుకుంది. ఆవిడ చుట్టూ ఉన్నవాళ్ళు ఆవిడ కార్డు చదివి, నవ్వుతూ ఆవిడ వైపు చూస్తున్నారు.

"పోస్టుమానుగారూ, మీరూ ఒక మాట!" అని ఎవరో మైకు చేతికిచ్చారు.

లేచి నిలబడ్డాడు. చెప్పేస్తాను అనుకున్నాడు. పదిమందిలో చెప్పే టైము పెద్దన్నయ్య పాడు చేసుకున్నాడు కాబట్టి ఒట్టు తీరిపోయినట్టే. పేజీ నేను మరవలేదు అంటే చాలు. మూడు మాటలు. మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. కానీ చేతిలో కాగితం లేదు. ఎదురుగా ఏమీ రాసిలేదు. నోరు తెరిచాడు. గొంతులోదాకా వచ్చిన మాట, ఎవరైనా రాసిస్తే చదువుదామన్నట్టు అక్కడే ఆగిపోయింది. ఇంట్లో, వీధిలో, షాపులో అనర్గళంగా మాట్లాడే మనిషే. మైకు ముందు మాత్రం ఆయన నోటికి నేర్పింది ఒకటే, కాగితంలో లేనిది పలకకూడదు. ఇంకో ఊపిరి తీసుకున్నాడు.

ఎదురుగా చేతులు లేస్తున్నాయి.

మొదట అర్థం కాలేదు. ఒక వేలు, రెండు, మూడు. హాలు హాలంతా వేళ్ళు తెరుస్తోంది, కళ్ళు మెరిపిస్తూ, ఊపిరి బిగపట్టి. ఆయన ఆ నిశ్శబ్దాన్ని వాళ్ళ కోసం మళ్ళీ ఆడి చూపిస్తున్నాడనుకున్నారు. "కాదు" అనబోయాడు. అప్పటికి తొమ్మిది. "కా..." అన్నాడు. పదకొండు. కుర్చీల మీదికెక్కి కేకలు. పదకొండు అంకె చొక్కా అమ్మాయి వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"చూశారా! వీడు పుట్టు కళాకారుడండీ!" అంటూ పెద్దన్నయ్య మైకు తీసేసుకున్నాడు.

వేదిక వెనక గదిలో పెద్దన్నయ్య బిస్కెట్టు టీలో ముంచుకుని తింటున్నాడు. తోడు వచ్చినవాళ్ళు కారు చూడ్డానికి వెళ్ళారు. పోస్టుమాను ఎదురుగా కూర్చున్నాడు.

"అన్నయ్యా, మెట్ల కింద నాచేత ఒట్టు వేయించుకున్నావు. గుర్తుందా?"

"ఏ మెట్లు?"

"స్టూడియో మెట్లు. ఆ రోజు. కాగితాలు అతుక్కుపోయింది నీకు. నా చేతులు పట్టుకుని ఏడ్చావు."

పెద్దన్నయ్య నల్లకళ్ళజోడు తీశాడు. కళ్ళ మీద తెల్లటి పొర. ఆ కళ్ళలో దొంగతనమేమైనా ఉందేమోనని పోస్టుమాను బాగా వెతికాడు. ఆదరం కనబడింది, కాస్త జాలి కూడా.

"నేనెందుకు ఏడుస్తానురా? నువ్వే కదూ ఏడ్చింది. ఉద్యోగం పోతుంది అన్నయ్యా అని. నేను ఆ ఆఫీసరుతో ఎంత పోట్లాడాను నీకోసం! మర్చిపోయావా?" నవ్వాడు. "నువ్వు మర్చిపోతావులే. నీకది అలవాటే."

అబద్ధమాడుతున్నాడా, నిజంగానే అలా జరిగిందనుకుంటున్నాడా? అబద్ధమైతే కోప్పడవచ్చు. మరుపైతే ఎవరి మీద కోప్పడాలి? ఇంతకాలం తనకి తాను చెప్పుకుని చెప్పుకుని, అదే జ్ఞాపకంగా గడ్డకట్టి ఉంటుంది. ఒట్టు వేయించుకున్నవాడే దాన్ని పారేసుకుంటే, మిగిలినవాడు దేన్ని కాస్తున్నట్టు? ఇంతకాలం ఇద్దరి మధ్య ఒక సత్యం దాగి ఉందనుకున్నాడు. ఇవతలివైపు తానొక్కడే ఉన్నాడు.

"మీ ఆవిడ కులాసానా?" అన్నాడు పెద్దన్నయ్య.

"బయట కూర్చుంది."

"అడిగానని చెప్పు. మంచి ఇల్లాలు. నీలాంటివాడితో వేగింది."

హాలు బయట బస్టాపులో ఇద్దరూ నిలబడ్డారు. అయిదు కావస్తోంది, ఇంకా ఎండ తగ్గలేదు. సభవాళ్ళిచ్చిన జ్ఞాపిక ఆవిడ సంచీలో ఉంది, గాజుపలక మీద పదకొండు.

"విన్నానండీ" అంది ఆవిడ. "వేరే మాట వింటావన్నారు. అదే మాట, కాకపోతే మైకులో విన్నాను. ఆవిడెవరో నా భుజం తట్టి, మీ ఆయన మతిమరుపు దేశానికి మేలు చేసిందమ్మా అంది. ఎక్కడికి పోవాలో తెలియలేదు."

"పేజీ మరిచింది నేను కాదు."

"ఏమిటి?"

"ఆయన కాగితాలు అతుక్కుపోయాయి. తప్పు నా మీద వేసుకోమని మెట్ల కింద ఏడ్చాడు. చూసి తట్టుకోలేకపోయాను. వేసుకున్నాను. ఎవరికీ చెప్పనని దేవుడి మీద ఒట్టు వేశాను. ఇవాళ ఆయనే చెబుతాడని నిన్ను తీసుకొచ్చాను."

ఇన్నేళ్ళ మాట నాలుగు ముక్కల్లో అయిపోయింది. మైకు లేనిచోట ఎంత తేలిగ్గా వచ్చిందో. ఆవిడ ముఖం విప్పారుతుందని, కనీసం ఆ పెద్దన్నయ్యని నాలుగు తిడుతుందని ఎదురుచూశాడు.

ఆవిడ రోడ్డు వైపు తిరిగింది.

"ఆ ఆఫీసరు ఇంటికి రెండుసార్లు వెళ్ళాను" అంది. "గుర్తుందా? రెండోసారి ఆయన భార్య గుమ్మంలోంచే పంపించేసింది. మా ఆయనకి కాస్త మతిమరుపమ్మా, మనిషి మంచివాడే, ఒక్కసారికి క్షమించమనండి అని బతిమాలాను. మీరు ఇంట్లోనే ఉన్నారు. వెళ్తున్నానని చెప్పే వెళ్ళాను. మీరు సరేనన్నారు."

"ఒట్టు..."

"రోజూ దేవుడి ముందు నిలబడి నేనేం అడిగానో తెలుసా మీకు? ఆయన మతిమరుపు పోగొట్టు స్వామీ అని. ఇంకేమీ అడగలేదు. ఒంట్లో బాగాలేనప్పుడు కూడా అదే అడిగాను. లేని జబ్బుకి మందు అడుగుతూ ఇన్నేళ్ళు ఆయన్ని విసిగించాను. ఆయన పైన కూర్చుని ఏమనుకుని ఉంటాడు నన్ను?"

"నేనూ అడిగాను. చెప్పమన్నాడో వద్దన్నాడో ఆయనేమీ చెప్పలేదు."

"ఆయన చెప్పాలా! పక్కగదిలో ఉన్నదాన్ని నేను. నన్నడక్కపోయారా?" ఆవిడ గొంతు పెరిగింది. బస్టాపులో ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. "మీరు వేసిన గడియ మీద నమ్మకం లేక మళ్ళీ లేచి చూసేదాన్ని. మీరు తెచ్చిన సరుకు మళ్ళీ లెక్కచూసేదాన్ని. పిల్ల పుడితే, మీ చేతికివ్వడానికి భయపడ్డాను, ఎక్కడ పెట్టి మర్చిపోతారోనని. మీరు చూస్తూ ఊరుకున్నారు. నేను పిచ్చిదానిలా తిరుగుతుంటే నవ్వుకున్నారా?"

"ఎప్పుడూ నవ్వలేదు."

"నవ్వినా బాగుండేది."

ఆయన ఆవిడ చెయ్యి పట్టుకోబోయాడు. ఆవిడ సంచీని ఇటువైపు చేతికి మార్చుకుంది.

"మెట్ల కింద ఆయన ఏడ్చాడన్నారు. చూసి తట్టుకోలేకపోయానన్నారు" అంది నెమ్మదిగా. "ఇల్లు పోయిందని నేనూ ఏడ్చాను, మీ ముందే. వారం రోజులు. నా ఏడుపుని ఎలా తట్టుకున్నారండీ?"

ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ వెయ్యలేదు. రోజూ దేవుణ్ణి ప్రశ్నలడిగినవాడు, దీన్ని తనకి తానూ వేసుకోలేదు. వెతికి చూసుకున్నాడు. ఆయనకి దొరికినది చెప్పుకోదగ్గది కాదు. మాట ఇచ్చిన మనిషినని లోలోపల ఒక గర్వం ఉండేది, దాన్ని ఆవిడ కన్నీళ్ళకన్నా పదిలంగా చూసుకున్నాడు. అది నోటితో అనలేకపోయాడు.

బస్సు వచ్చింది. ఆవిడ ముందు ఎక్కి, కిటికీ పక్క సీట్లో కూర్చుని, సంచీని పక్కసీట్లో పెట్టుకుంది. తీస్తుందేమోనని ఆయన కమ్మీ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తియ్యలేదు. వెనకసీట్లోకి వెళ్ళి కూర్చున్నాడు.

కండక్టరు వచ్చాడు. "ఎంతమందమ్మా?"

"ఒక్కదాన్నే" అంది ఆవిడ.